ఎర్ర టేపు సీసా

డ్రమ్ములాయనకు తలుపు తట్టడం చేతకాదు, తన్నడమే వచ్చు. ఆ పొద్దున ఏడింటికి అక్క ఇంటి తలుపును తన్నిన తన్నుకు గడియ ఊడి పొయ్యి దాకా దొర్లింది. పొయ్యి ముందున్న అక్క తల తిప్పేలోపే మంచం మీది మేనల్లుణ్ణి చొక్కా పట్టి లేపి నిలబెట్టాడు.

"ఏరా, ఎనిమిది రోజుల్నుంచి మంచం దిగవట? కాన్పయిందా నీకు?"

"ఒంట్లో బాగాలేదు మావయ్యా. నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి."

"డ్రమ్ములో తల పెట్టి రుద్దేదానికి కళ్ళతో పనేముందిరా?"

ఆయన చేతిలో డ్రమ్ము బిరడా తిప్పే ఇనప పాన ఉంది. మోచేతి పొడవుంటుంది. కొందరి చేతిలో ఎప్పుడూ గొడుగు ఉన్నట్టు ఆయన చేతిలో అది ఉండేది. దాన్ని ఎత్తాడు. ముప్పై ఏళ్ళ మేనల్లుడు చిన్నపిల్లాడిలా చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మణికట్టు దగ్గర ఎండు కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. తల్లి అట్లకాడ పట్టుకుని మధ్యలోకి దూకింది. తమ్ముడు ఎడమ చేత్తోనే ఒక్కటి అంటించాడు. ఆమె నోట్లోకి ఉప్పగా రక్తం వచ్చింది, నాలుకతో తడుముకుంటే పన్ను కదులుతోంది.

"రేపు పొద్దునకల్లా యార్డులో ఉండాలి వీడు. లేకపోతే రెండో చెయ్యి. అక్కవి కాబట్టి మెల్లగా చెబుతున్నా" అని, వచ్చినవాడు వచ్చినట్టే వెళ్ళిపోయాడు.

మెల్లగా చెప్పడమంటే అది.

ఆమెను అందరూ సీసాలత్త అంటారు. మందుల కంపెనీ ల్యాబులో ఇరవై రెండేళ్ళుగా గాజు సామాను కడిగే పని. చదువు రాదు. కానీ ఏ సీసా ఏ బల్లదో, ఏ ఫ్లాస్కు మెడ దగ్గర పగులు ఉందో, ఏ ఏడు ఏ నెలలో ఎవరు ఏం పగలగొట్టి ఎవరి మీద తోశారో అంతా ఆమె తలలోనే ఉంటుంది. కొడుకు మూడేళ్ళవాడై ఉండగానే మొగుడు పోయాడు. అప్పుడు ఆదుకున్నవాడు తమ్ముడే. అబద్ధమెందుకు, తిండి పెట్టాడు, నీడ ఇచ్చాడు. కుర్రాడికి మీసాలు మొలవగానే డ్రమ్ముల్లోకి దించాడు. ఇక వదల్లేదు. ఒకసారి వాడు పారిపోయి ఊరవతల గోడౌనులో చేరితే, మూడో రోజున ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని వెళ్ళి, కాళ్ళు కట్టి నడివీధిలో ఈడ్చుకొచ్చాడు. మోకాళ్ళ మీద చర్మం మిగల్లేదు. వీధంతా చూసింది. చూసి, తలుపులు వేసుకుంది.

డ్రమ్ముల సంగతి చెప్పాలి. ల్యాబుల్లో మందుల్ని పరీక్ష చేసే యంత్రాలుంటాయి. ఒక ఉక్కు గొట్టం, జానెడు కూడా ఉండదు, లోపల పిండి కన్నా మెత్తటి ఇసుకలాంటిది కూరి ఉంటుంది. మాత్రను నలగ్గొట్టి, కరిగించి, ఒక్క బొట్టు ఆ గొట్టంలోకి పంపి, వెనక నుంచి సాల్వెంటు అనే కరిగించే ద్రవంతో తోస్తారు. మందు ఒక సమయానికి బయటికొస్తుంది, అందులో కలిసిన చెత్త ఇంకో సమయానికి వస్తుంది. తెర మీద గుట్టలు గుట్టలుగా గీత లేస్తుంది. గుట్టను బట్టి మందు మంచిదో కాదో చెబుతారు. దాని పేరు క్రొమటోగ్రఫీ. సీసాలత్తకు పేరు పలకడం వచ్చు, గీత చదవడం రాదు. అయితే ఒక్క బొట్టు మందు కోసం రోజంతా సాల్వెంటు పారుతూనే ఉంటుంది. పారిందంతా బల్ల కింది క్యాన్లోకి, క్యాన్లోంచి డ్రమ్ములోకి, డ్రమ్ము తమ్ముడి యార్డుకి. అక్కడ దాన్ని తొట్లోకి ఒంపి, ఖాళీ డ్రమ్ముల్లో తల, భుజాలు లోపల పెట్టి మనుషులు రుద్ది కడగాలి. ఆ మనుషుల్లో ఒకడు ఆమె కొడుకు.

సాల్వెంటు సీసాకు ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. అసిటోనైట్రైల్ అంటారు. తియ్యటి వాసన, నీళ్ళలా తెల్లగా ఉంటుంది, చేతి మీద పడితే ఊదినంతలో ఆరిపోతుంది. యార్డువాళ్ళందరికీ ఒకటే నమ్మకం. మంటపెట్టదు, బొబ్బలెక్కించదు, ఆరితే మరక కూడా మిగల్చదు, అలాంటిది ఏం చేస్తుంది? మనుషులు పడిపోయేవాళ్ళు, నిజమే. కానీ కడిగేటప్పుడు ఎవడూ పడలేదే! మధ్యాహ్నం క్యారేజీ విప్పి తిని, ఇంటికెళ్ళాక సాయంత్రం పడేవాళ్ళు. అందుకని తప్పు క్యారేజీ మీదికి పోయేది. యార్డులో పనిచేసే పొడుగాయన పోయినప్పుడు ఆయన పెళ్ళాన్ని అత్తింటివాళ్ళు వీధిలో పడేసి కొట్టారు, పాచి తిండి పెట్టి చంపావని. పొడుగాయన అన్న కూడా అదే యార్డులో పనిచేసేవాడు. మరదలి జుట్టు పట్టిన చేతుల్లో వాడిదీ ఒకటి.

ఎనిమిది రోజుల కిందట సీసాలత్త కొడుకు సాయంత్రం ఇంట్లో పడ్డాడు. పళ్ళు బిగిసి, ఒళ్ళు విల్లులా వంగి, నేలకు తలను బాదుకున్నాడు. ఆమె ఒడిలోకి లాక్కుంటే ఆ ఒడిలోనే కొట్టుకున్నాడు. మర్నాడు ల్యాబులో ఫ్లాస్కులు కడుగుతూ ఆమె ఏడుస్తుంటే పచ్చమ్మ వచ్చి పక్కన నిలబడింది.

పచ్చమ్మ అంటే ల్యాబులో రెండేళ్ళ కిందట చేరిన అమ్మాయి. పర్యావరణానికి మేలుచేసే పచ్చ పద్ధతి, పచ్చ పద్ధతి అని పొద్దస్తమానం అంటుంటే ఆ పేరే స్థిరపడిపోయింది. ఎర్ర టేపు సాల్వెంటు మానేసి, ఇథనాలూ నీళ్ళూ కలిపి అదే పరీక్ష చెయ్యాలని ఆమె పంతం. ఇథనాలంటే సారాయిలో ఉండేదే. ల్యాబు పెద్దసారు మొదట విని పొట్ట పట్టుకు నవ్వాడు, "మందుకు మందుతోనే పరీక్షా!" అని. ఆ మిశ్రమం కాస్త చిక్కన, గొట్టంలోంచి తోస్తే యంత్రం మూలుగుతుంది. పచ్చమ్మ గొట్టాన్ని వెచ్చబెట్టింది. సన్నగొట్టం తెప్పించింది. మూలుగు ఆగింది. నెలకు నాలుగు డ్రమ్ములు నింపే పరీక్ష ఒక్క క్యాన్‌తో సరిపోయేలా చేసింది.

"అత్తా, మీవాడు ఆ రోజు డ్రమ్ములు ఎన్నింటికి కడిగాడు?" అని అడిగింది పచ్చమ్మ.

"పదింటికి. పడింది అయిదున్నరకి."

"ఇంతకు ముందు పడ్డవాళ్ళు గుర్తున్నారా?"

గుర్తుండటమా! సీసాలత్త చేతులు తుడుచుకోకుండానే మొదలుపెట్టింది. పొడుగాయన తొమ్మిదింటికి కడిగాడు, నాలుగింటికి పడ్డాడు. ఆ రోజు వాన. నత్తివాడు పదకొండింటికి, రాత్రి భోజనానికి ముందు. కొత్తగా చేరిన బావామరుదులిద్దరూ ఒకే రోజు, ఒకరి వెనక ఒకరు. పద్నాలుగేళ్ళలో తొమ్మిదిమంది. ఒక్కొక్కరిదీ గంటతో సహా చెప్పింది. పచ్చమ్మ రాసుకుంటూ రాసుకుంటూ కలం ఆపేసింది.

"అది తిండి కాదత్తా. ఇది ఒంట్లోకి పోయాక ఊరికే ఉండదు. లోపల మెల్లమెల్లగా సైనైడుగా మారుతుంది. దానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే అందరూ సాయంత్రం పడ్డారు."

సీసాలత్త తడి చేతులు కొంగుకు తుడుచుకుంది. తర్వాత ఒకే మాట అడిగింది. "నీ పచ్చ పద్ధతి పాసైతే ఇది రావడం మానేస్తుందా?"

"మానేస్తుంది. మనం మానేస్తే మన చుట్టుపక్కల ల్యాబులన్నీ మానేస్తాయి. డ్రమ్ములే ఉండవు."

డ్రమ్ముల్లేకపోతే తమ్ముడు కొడుకును ఎక్కడికి ఈడ్చుకెళతాడు? ఆమెకు కావలసింది అంతే. ఆ ఆఖరి పరీక్ష ఈ రోజే. కొడుకు విరిగిన మణికట్టుకు పాతచీర చుట్టి, వాణ్ణి ఆసుపత్రి వరసలో కూర్చోబెట్టి, కదులుతున్న పన్నును తనే పీకి పారేసి, తొమ్మిదింటికల్లా ల్యాబుకు చేరింది.

"నోరేంటత్తా అలా వాచింది?" అంది పచ్చమ్మ.

"మా తమ్ముడు పలకరించాడులే. నువ్వు కానీ."

రెండు యంత్రాలు పక్కపక్కన నడుస్తున్నాయి. ఒకదాని నెత్తిన ఎర్ర టేపు సీసాలు, పాత పద్ధతి. ఇంకోదాని నెత్తిన పచ్చ టేపు సీసాలు, కొత్తది. ఒకే మందును ఆరుసార్లు పంపి ఆరుసార్లూ గుట్ట ఒకే చోట, ఒకే ఎత్తున లేస్తే పాసు. పన్నెండింటికి పెద్దసారు చూసి సంతకం పెడతాడు. నాలుగు అయ్యాయి. నాలుగూ అచ్చు గుద్దినట్టు వచ్చాయి. అయిదోది నడుస్తుండగా, పదకొండు కావస్తుండగా, డ్రమ్ములాయన క్యాన్లు తీసుకెళ్ళడానికి లోపలికొచ్చాడు.

బల్ల కింద చూశాడు. పాత యంత్రం కింద పెద్ద క్యాను. కొత్తదాని కింద మంచినీళ్ళ చెంబంత డబ్బా.

"ఇదేంటి, పిల్లి తాగడానికా?"

పచ్చమ్మకు ఆ మనిషి ఎవరో తెలుసు గాని, ఎంతటివాడో తెలియదు. "ఇక మీదట అంతేనండి. మీకు శ్రమ తప్పింది. డ్రమ్ములు ఇవ్వడం ఆగిపోతుంది" అంది.

ఆయన తల మెల్లగా అక్క వైపు తిరిగింది. "అయితే విన్నది నిజమేనన్నమాట. నువ్వు దీనికి లెక్కలు చెప్పావట. ఎవడు ఎప్పుడు చచ్చాడో పాఠం అప్పజెప్పావట."

"చెప్పాను. మనవాళ్ళని తిండి చంపలేదురా. ఇదే చంపింది."

"నేను పెట్టిన తిండి తిని, నా నోటి దగ్గర కూడు తన్నేస్తావా!"

పచ్చమ్మ జడ పట్టుకున్నాడు. ఆ పిల్ల ముఖాన్ని బల్లకేసి కొట్టాడు, ఒకసారి, రెండుసార్లు. ముక్కులోంచి రక్తం పుస్తకం మీద, అంకెల మీద చిమ్మింది. మూడోసారి కొట్టేలోపు సీసాలత్త చేతికందిన కొలత గొట్టాన్ని, లీటరుది, మందపాటి గాజుది, తమ్ముడి నెత్తిన పగలేసింది. ఆయన జడ వదిలాడు. నుదుటి మీద చర్మం తెరుచుకుంది. తిరిగి, పాన మొదలుతో అక్క పక్కటెముకల్లో పొడిచాడు. ఆమెకు ఊపిరి ఆగిపోయింది. చేపలా నోరు తెరిచి గోడకు జారింది. పచ్చమ్మ యంత్రానికి అడ్డం వెళ్ళి రెండు చేతులూ చాపింది. పాన భుజం మీద పడింది. ఎముక విరిగింది. ఆ పిల్ల కేక వేయలేదు, "ఆరోది ఇంకా ఉంది" అంటూ కూలబడింది.

తర్వాతి దెబ్బ యంత్రానికి. తెర పగిలింది, గుట్ట సగంలో ఆరిపోయింది. ఆ ఊపులోనే పాన పక్క యంత్రానికి తగిలి, నెత్తినున్న ఎర్ర టేపు సీసాలు దొర్లి ఆయన మీద పడ్డాయి. ఒకటి భుజం మీద పగిలి, తల నుంచి నడుము దాకా తడిపేసింది, నుదుటి గాయంలోకి కూడా. రెండోది పగల్లేదు. గది నిండా తియ్యటి వాసన. వాకిట్లో చేరినవాళ్ళు వెనక్కి తగ్గారు.

ఆయన నవ్వాడు. రక్తమూ సాల్వెంటూ కారుతున్న ముఖంతో నవ్వాడు.

"ఇదేనా విషం? చూడండి, చల్లగా హాయిగా ఉంది!" పగలని సీసా ఎత్తాడు. మూత పీకి, అందరూ చూస్తుండగా గుక్క, రెండో గుక్క, మూడో గుక్క. మూతి తుడుచుకున్నాడు. "చచ్చానా? పాతికేళ్ళుగా దీంట్లోనే మునిగి తేలుతున్నా!"

"నువ్వెక్కడ మునిగావురా! మునిగింది నా కొడుకు. నువ్వు ఒడ్డున నిలబడ్డావు" అంది అక్క, ఊపిరి అందీ అందకుండా.

ఆయన సీసాను గోడకేసి కొట్టి, క్యాను భుజానికెత్తుకుని, ఎవరూ అడ్డం రాని దారిలో దర్జాగా వెళ్ళిపోయాడు. పచ్చమ్మ నేల మీంచి ఆమె కొంగు పట్టుకుంది.

"అత్తా, టైమెంత?"

"పదకొండూ అయిదు."

"సాయంత్రానికి చచ్చిపోతాడు. ఇప్పుడే తీసుకెళ్ళాలి."

ఆసుపత్రిలో పచ్చమ్మను బల్ల మీద పడుకోబెట్టి భుజానికి కట్టు కట్టారు. ఆ పిల్ల కట్టు కట్టించుకుంటూనే డాక్టరుకు అంతా చెప్పింది. డాక్టరు కుర్రవాడు, కళ్ళద్దాలు జారిపోతున్నాయి. "విరుగుడు మా దగ్గర లేదు. పెద్దాసుపత్రి నుంచి తెప్పించాలి, మూడు గంటలు పడుతుంది. ఎదురుగా మనిషి ఉంటే గాని వాళ్ళు ఇవ్వరు. ముందు మనిషిని తీసుకురండి" అన్నాడు.

వరండాలో కొడుకు కూర్చున్నాడు, చేతికి పిండికట్టు ఇంకా తడారలేదు. తల్లి చెప్పింది విన్నాడు.

"నువ్వు ఇక్కడే కూర్చోమ్మా."

"ఏంటి?"

"ఏం చెయ్యకు. నీ పక్కటెముకలు నొప్పిగా లేవా? కూర్చో. సాయంత్రం అయిపోతుంది. రేపు పొద్దున ఎవడూ తలుపు తన్నడు."

ఆమె కూర్చుంది. నిజంగానే కూర్చుంది. గోడ గడియారం పన్నెండుంపావు చూపిస్తోంది. ఒక మనిషి ఊరుకుంటే చాలు, కొడుకు బతుకుతాడు. ఎవరినీ కొట్టక్కర్లేదు, తిట్టక్కర్లేదు. ఆమెకు తమ్ముడు అయిదేళ్ళప్పుడు నిచ్చెన మీంచి పడి నాలుక కొరుక్కోవడం గుర్తొచ్చింది. పద్నాలుగేళ్ళప్పుడు తనను ఏడిపించినవాణ్ణి ఇటుకతో కొట్టడం గుర్తొచ్చింది. అప్పుడు సంతోషించింది తనే. కొడుకు మోకాళ్ళు గుర్తొచ్చాయి. జ్ఞాపకాలు ఒక వైపుకు లాగితే సులువుగా ఉండును. అవి నాలుగు వైపులా లాగాయి.

పన్నెండున్నరకు లేచింది.

"అమ్మా!"

"వాడు ఇప్పుడు చస్తే ఏమంటార్రా? మధ్యాహ్నం తిన్నది పడలేదంటారు. వాడి పెళ్ళాన్ని వీధిలో పడేసి కొడతారు. డ్రమ్ములు ఇంకొకడు ఎత్తుకుంటాడు, నిన్ను ఇంకొకడు ఈడుస్తాడు. అదొకటి. ఇంకోటి, మా తమ్ముణ్ణి చంపాల్సొస్తే నా చేత్తో నేనే చంపుకుంటాను. సీసాకు వదిలిపెట్టను."

కొడుకు తిట్టుకుంటూ వెంట నడిచాడు.

యార్డులో డ్రమ్ముల వరసల మధ్య బోర్లించిన డ్రమ్ము మీద కూర్చుని తమ్ముడు భోజనం చేస్తున్నాడు. నుదుటికి గుడ్డ చుట్టుకున్నాడు. చొక్కా ఎప్పుడో ఆరిపోయింది. పనివాళ్ళు పదకొండుమంది నీడన కూర్చుని తింటున్నారు. పొడుగాయన అన్న వాళ్ళలో ఉన్నాడు.

"రా అక్కా, వచ్చి తిను. కొట్టానని కోపమా?"

"లేరా. ఆసుపత్రికి పద. అయిదింటికి పడిపోతావు."

ఆయన పనివాళ్ళ వైపు తిరిగి, "విన్నార్రా, అక్క జోస్యం చెబుతోంది!" అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఆమె చెయ్యి పట్టి లాగింది. ఆయన కంచం ఆమె ముఖాన కొట్టాడు. అంచు తగిలి కనుబొమ తెగింది, మెతుకులు, రక్తం కలిసి కంట్లోకి దిగాయి. రెండోసారి లాగింది. జుట్టు పట్టుకుని డ్రమ్ముకేసి విసిరాడు. అడ్డం వచ్చిన మేనల్లుడి పిండికట్టు మీద తన్నాడు. వాడి అరుపు ఖాళీ డ్రమ్ములన్నిట్లోనూ మోగింది.

సీసాలత్త నేల మీంచి లేచేటప్పుడు చేతికి పాన తగిలింది. భోజనానికని తమ్ముడు పక్కన పెట్టుకున్నది. ఇరవై రెండేళ్ళు సీసాలు రుద్దిన భుజాలు ఆమెవి. రెండు చేతులతో, కట్టెలు కొట్టేదానిలా, తమ్ముడి కుడి మోకాలి చిప్ప మీద దించింది. చిప్ప లోపలికి పోయింది. ఆయన పడ్డాడు. లేవబోయాడు. మళ్ళీ దించింది, అక్కడే.

పదకొండుమందిలో ఒక్కడూ కదల్లేదు. కొందరి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"చూస్తారేంట్రా, డ్రమ్ముల బండి తెండి!"

తెచ్చారు. ఆమె అరిచిన అరుపు అలాంటిది. నాలుగు చక్రాల బండి మీద తమ్ముణ్ణి డ్రమ్మును కట్టినట్టు కట్టారు. ఆరు వీధులు తోశారు. ఆరు వీధులూ ఆయన అక్కను పుట్టుక నుంచీ తిట్టుకుంటూ వచ్చాడు. తాడు సరిచేయబోయిన మేనల్లుడి మంచి చేతిని పళ్ళతో పట్టుకున్నాడు. వాడు ఆ నోటి మీద పిండికట్టుతో కొడితే గాని వదల్లేదు. కొట్టాక వాడు తన చేతినే వింతగా చూసుకున్నాడు. జీవితంలో మావయ్యను కొట్టడం అదే మొదలు.

"మోకాలు ఎవరు విరగ్గొట్టారు?" అన్నాడు డాక్టరు.

"నేనే. మోకాలు తర్వాత చూద్దురు గాని. మనిషి వచ్చాడు, ముందు మందు తెప్పించండి."

డాక్టరు ఫోన్ చేశాడు. ఆ మధ్యలో డ్రమ్ములాయన మంచం మీద లేచి కూర్చుని, నాకేం కాలేదు, దీని మాట నమ్మకండి అని గదంతా ఏకం చేశాడు. మూడైంది. నాలుగైంది. నిబ్బరంగా ఉన్నాడు. నర్సులు సీసాలత్తను అనుమానంగా చూడసాగారు. నాలుగున్నరకు పెద్దాసుపత్రి నుంచి పెట్టె వచ్చింది. నాలుగూ నలభైకి "తల పగిలిపోతోంది" అన్నాడు. "మధ్యాహ్నం ఆ కూర..." అంటూనే వాంతి చేసుకున్నాడు. అయిదుకు పళ్ళు బిగిశాయి.

ఇనప మంచం నేల మీద జరిగింది. విరిగిన మోకాలు కూడా తెలియనట్టు కాళ్ళు తన్నుకున్నాయి. నలుగురు పట్టుకుంటే నలుగుర్నీ విసిరాడు. తల కమ్మీకి కొట్టుకుంటుంటే అక్క తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ చేతి వేళ్ళు రెండు కమ్మీకీ తలకూ మధ్య నలిగిపోయాయి, ఆమె తియ్యలేదు. డాక్టరు ఎర్రటి మందు నరంలోకి ఎక్కించాడు. అది ఎక్కుతుంటే మనిషి చర్మమంతా బీట్‌రూట్ దుంపలా ఎర్రబడింది. చాలాసేపు, చాలా చాలాసేపు మంచం మోగింది. తర్వాత ఊపిరి చప్పుడొకటే మిగిలింది.

ఆ రాత్రి మూర్ఛ ఇంకోసారి వచ్చింది గాని అంత గట్టిగా రాలేదు. మూడో రోజుకు మాట వచ్చింది.

పోలీసు వచ్చి కాగితం తీశాడు. సీసాలత్త లేచి, "నేనే కొట్టానయ్యా, రాసుకో" అంది. మంచం మీంచి తమ్ముడు పోలీసును ఉరిమి చూశాడు.

"అది కొట్టేదేంటి? మెట్ల మీంచి పడ్డాను."

"ఏ మెట్లు?"

"మెట్లు మెట్లే! రాసుకో."

ఊరందర్నీ కొట్టినవాడు అక్క చేతిలో కాలు విరగ్గొట్టించుకున్నానని ఎలా చెప్పుకుంటాడు! అయితే పోలీసు ఆ కాగితం మడిచి ఇంకోటి తీశాడు. అది పచ్చమ్మ భుజం గురించి. దానికి మెట్లు దొరకలేదు.

పచ్చమ్మ చేతికట్టుతోనే ల్యాబులోని మూడో యంత్రం మీద ఆరుసార్లూ మళ్ళీ నడిపించింది. పెద్దసారు పక్కన నిలబడి ఒక్కో గుట్టా చూశాడు. ఈసారి నవ్వలేదు. సంతకం పెట్టి, మిగిలిన ఎర్ర టేపు సీసాలకు తనే తాళం వేశాడు.

ఆ మధ్యాహ్నం పనివాళ్ళు చూడటానికి వచ్చారు, ఇంటి నుంచి క్యారేజీ తెచ్చి మరీ. డాక్టరు అది చూసి, "తిండితో ఏ సమస్యా లేదు, పెట్టొచ్చు. ఆయన్ను పడేసింది ఆ సాల్వెంటు. గంటల తర్వాత పనిచేస్తుంది. కడిగినా, పీల్చినా అంతే" అని చెప్పి వెళ్ళాడు. పొడుగాయన అన్న క్యారేజీని నేల మీద పెట్టాడు. మంచం దగ్గరికి నడిచాడు. పిడికిలి బిగించి డ్రమ్ములాయన ముఖం మీద గుద్దాడు. మొదటి దెబ్బకు సీసాలత్త అడ్డం వెళ్ళలేదు. రెండోదానికి వెళ్ళింది. వాడు ఆమె భుజం మీద తల ఆనించి, "మా మరదల్ని కొట్టాను అత్తా, ఈ చేత్తోనే కొట్టాను" అని ఏడ్చాడు. మిగతావాళ్ళు ఒక్కొక్కరే బయటికి నడిచారు. ఎవరూ యార్డు వైపు తిరగలేదు.

గదిలో ముగ్గురే మిగిలారు. కొడుకు కిటికీ దగ్గర ఉన్నాడు.

"ఒరేయ్, ఇటు రా" అన్నాడు మావయ్య, పగిలిన పెదవితో. వాడు దగ్గరికెళ్ళగానే సూది గుచ్చి ఉన్న చేతితోనే చొక్కా పట్టుకుని ముఖం మీదికి లాక్కున్నాడు. "వాళ్ళు పోతే పోయారు. చెయ్యి బాగయ్యాక నువ్వొస్తావు. మనం ఇంకో ఊళ్ళో పెడదాం. విన్నావా?"

సీసాలత్త కుర్చీలోంచి లేవలేదు.

కొడుకు మంచి చేత్తో మావయ్య బొటనవేలు పట్టుకుని వెనక్కి వంచాడు. తర్వాత చూపుడువేలు. ఒక్కో వేలూ చొక్కా మీంచి ఊడదీశాడు, తొందర లేకుండా. చిటికెనవేలు దగ్గర మావయ్య బిగించాడు. వాడు ఇంకాస్త వంచాడు. మావయ్య "అబ్బా" అన్నాడు.

"నేను గోడౌనుకి పోతున్నా" అన్నాడు వాడు. "సోమవారం నుంచి."

చొక్కా సర్దుకుని, తల్లి నలిగిన చెయ్యి పట్టుకోకుండా, జాగ్రత్తగా మోచేయి పట్టుకుని లేపాడు.